మూడు పూలకుండీలు

మొక్కను పెంచుట యనగా దానికి నీరు పోయుటయే యని మనలో పెక్కండ్రు తలంతురు. చిన్న తరగతులనుండియు పిల్లలకు మనము నేర్పు మాటయు నదియే. ఆ మాట తప్పు కాదు గాని, అది సగము మాట. ఎప్పుడు పోయవలెనో తెలిసికొనుట ఒక సగమైనచో, ఎప్పుడు మానవలెనో తెలిసికొనుట రెండవ సగము. ఈ రెండవ సగమును మన పాఠశాలకు నేర్పిన పూమొక్క యొకటి కలదు. దాని పేరు సైక్లమెన్. దాని పూతను గూర్చియు, నిద్రను గూర్చియు మేము కన్న సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాము.

మన హోసూరు ప్రాంతము పూలసాగునకు పేరుగన్నదని మీకు తెలియును. ఇచ్చటి ప్లాస్టికు పందిళ్ళలో పెరిగిన గులాబీలు దూరదేశములకు సైతము పోవుచున్నవి. అట్టి యొక పూలతోటలో పనిచేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు క్రిందటి విద్యాసంవత్సరము డిసెంబరు మాసమున పాఠశాలకు మూడు సైక్లమెన్ కుండీలను కానుకగా తెచ్చి యిచ్చెను. ఒకటి తెలుపు, ఒకటి గులాబిరంగు, ఒకటి ముదురెరుపు. ఆకులు హృదయాకారమున నుండును. వానిపై వెండితో ముగ్గు పెట్టినట్లు తెల్లని చారలు. ప్రతి పువ్వును తన సొంత కాడపై ఒంటరిగా నిలుచును. మొగ్గ తల వంచుకొని యుండును; విచ్చునప్పుడు మాత్రము రేకులు వెనుకకు మడిగి పైకి లేచును. దూరమునుండి చూచినచో ఆకులగుంపుపై సీతాకోకచిలుకలు వ్రాలినట్లు తోచును. అందుచేత మన ఆరవ తరగతి పిల్లలు దీనికి సీతాకోకపువ్వని పేరు పెట్టిరి. ఆ పేరే మన బడిలో నిలిచినది.

ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్రపు తూర్పు తీరము. టర్కీ దక్షిణభాగము, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా, సైప్రస్, కొన్ని గ్రీకు దీవులు - ఈ చోట్ల రాతిగుట్టల సందులలోను, చెట్లనీడలలోను ఇది తనంత తాను మొలచును. కుండీలలో పెంచు జాతికి శాస్త్రజ్ఞులు సైక్లమెన్ పెర్సికమ్ అని పేరిడిరి. పెర్సికమ్ అనగా పారసీకదేశమునకు చెందినదని యర్థము. కాని ఆ దేశమున, అనగా నేటి ఇరానులో, ఈ జాతి సహజముగా పెరుగదు. పేరొక చోటిది, ఊరొక చోటిది! సైక్లమెన్ అను మాట మాత్రము చక్రమను నర్థము గల గ్రీకు పదమునుండి పుట్టినది. క్రీస్తుకు పూర్వమే గ్రీకు పండితుడగు థియోఫ్రాస్టస్ ఈ మొక్కను పేర్కొనెను. పెర్సికమ్ జాతి 17వ శతాబ్దమున ఐరోపా తోటలకు చేరి, పిమ్మట అచ్చటి తోటమాలుల చేతులలో నేటి పెద్దపూల రకములుగ రూపొందినది.

ఈ మొక్కకు మంటి పైభాగమున గుండ్రముగ, కొంచెము చదునుగ నుండు గడ్డ యొకటి కలదు. వేళ్ళు దాని అడుగునుండి పుట్టును. ఆకులును పూలును దాని నడినెత్తినుండి లేచును. మొక్క ప్రాణమంతయు ఆ గడ్డలోనే దాగియుండును. అడవులలోని గడ్డలను విచ్చలవిడిగా త్రవ్వి యమ్ముటవలన ముప్పు కలుగునని తలచి, సైక్లమెన్ జాతుల దేశాంతర వర్తకమునకు అంతర్జాతీయ ఒప్పందము ద్వారా హద్దులు నిర్ణయించిరి. తోటలలో విత్తులనుండి పెంచిన కుండీమొక్కలకు ఆ చింత లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. మధ్యధరా తీరమున వానలు కురియునది చలికాలమునందు. ఎండకాలమంతయు అచ్చట దాదాపు చినుకు రాలదు. కాబట్టి సైక్లమెన్ శరత్కాలమున ఆకు వేసి, చలిలో పూచి, ఎండలు ముదిరిన పిదప ఆకును రాల్చి, గడ్డగా మారి, నేలలో నిద్రించును. మరల తొలి చినుకులతో మేలుకొనును. మన దేశములోనో ఇది తలక్రిందు. మనకు వానలు కురియునది జూన్ మొదలుకొని. అనగా ఈ మొక్క ఏ నెలలలో పొడిగా పడియుండవలెనో ఆ నెలలలోనే మన ఆకాశము దానిపై నీరు కుమ్మరించును. తన యూరిలో వాన దానికి దాది. మన యూరిలో అదే వాన దానికి శత్రువు. ఈ యొక్క భేదమును గ్రహించినవారికి సైక్లమెన్ పెంపకములోని తక్కిన విషయములన్నియు తమంత తామే బోధపడును.

దీనికి చలి కావలెను. రాత్రి 10 మొదలు 15 డిగ్రీలు, పగలు 20 డిగ్రీలకు లోపుగ నున్నచో ఇది మిక్కిలి సుఖించును. సుమారు 2,200 మీటర్ల యెత్తుననున్న ఉదకమండలములో ఇట్టి చలి సహజము. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. కిలోమీటరు ఎత్తునకు పోయిన కొలది వేడిమి దాదాపు 6 డిగ్రీలు తగ్గునని భూగోళపాఠములో చదివితిరి గదా! అందుచేతనే చెన్నపట్టణములో వాడిపోవు మొక్క మన యూరిలో డిసెంబరు, జనవరి మాసములలో నిలిచి పూయుచున్నది. పాఠ్యపుస్తకములోని యొక వాక్యము కుండీలో నిట్లు కనబడుట చూచి పిల్లలు మిగుల సంతసించిరి.

పూతకాలమున చేయవలసిన పనులను మేము ఐదు భాగములుగ విభజించి ఐదుగురు పిల్లలకు అప్పగించితిమి.

మొదటిది చోటు. వెలుతురు నిండుగ నుండి, మధ్యాహ్నపు టెండ తగులని తూర్పు వరండా చివర కుండీల నుంచితిమి. వంటగది వేడి, యంత్రముల వేడి సోకు చోట్ల దీని నుంచరాదు.

రెండవది నీరు. నడినెత్తిపై నీరు పోసినచో మొగ్గలసందున నిలిచి గడ్డను కుళ్ళించును. కావున లోతైన పళ్ళెములో నీరు పోసి, అందు కుండీని పావుగంట సేపుంచి, పిదప తీసి, మిగిలిన నీటిని పారబోయవలెను. మన్ను పైన పొడియై, కుండీ నెత్తిచూడగా తేలికగ తోచినప్పుడే మరల నీరు. గంట కొట్టినట్లు దినమునకొకమారని నియమము లేదు. ప్రతిదినము చేతితో నెత్తి బరువు చూచుటయే నియమము.

మూడవది వాడిన పూలను, పండిన ఆకులను తీయుట. వీనిని కత్తెరతో నడుమ కత్తిరింపరాదు. మిగిలిన కాడ కుళ్ళి బూడిదరంగు బూజు పట్టును. ఆ బూజు గడ్డకు ప్రాకును. కాడను మొదట పట్టుకొని కొంచెము మెలిపెట్టి చివ్వున లాగినచో గడ్డనుండి శుభ్రముగ ఊడి వచ్చును. వాడిన పువ్వు నట్లే యుంచినచో మొక్క తన బలమును గింజలపై వెచ్చించును. తీసివేసినచో క్రొత్త మొగ్గలకు బలము చేరును.

నాలుగవది ఎరువు. రెండు వారముల కొకమారు పొటాష్ ఎక్కువగను, నత్రజని తక్కువగను ఉండు ఎరువును పలుచగ కలిపి నీటితోబాటు ఇచ్చితిమి. నత్రజని మిక్కుటమైనచో ఆకులు బలియునే గాని పూలు తగ్గును.

ఐదవది కాపలా. ఆకుల అడుగున పేనుబంక, నల్లి చేరునేమో చూడవలెను. ఈ గడ్డలో సాపోనిన్ అను విషపదార్థము కలదు. పసిపిల్లలు, పిల్లులు, మేకపిల్లలు నోట బెట్టకుండ చూచుకొనవలెను. మొక్కను ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెను.

ఇట్లు చేయగా మూడు కుండీలును ఫిబ్రవరి చివరివరకు పూచినవి. ఎఱ్ఱపూల కుండీలో రెండు పూలను మాత్రము త్రుంపక గింజలకై విడిచితిమి. మార్చి వచ్చినది. ఎండలు ముదిరినవి. ఆకులు ఒక్కొక్కటిగ పసుపుబారి వ్రాలసాగినవి. అసలు పరీక్ష అప్పుడే ఆరంభమైనది.

పూతకాలమున అందరును కుండీ చుట్టు చేరుదురు. పూత ముగిసిన పిదప దానివంక చూచువారు అరుదు. చూచినవారిలో కొందరు జాలిచేతను, కొందరు విసుగుచేతను దానికి కీడు చేయుదురు. మన మూడు కుండీలకు మూడు గతులు పట్టినవి.

తెల్లపూల కుండీని జాలి చంపినది. పరీక్షల సెలవులలో బడిప్రక్కనే కాపురమున్న ఏడవ తరగతి బాలు డొకడు ఆకులు పండుట చూచి, పాపము దాహముచే వాడుచున్నదని తలచి, పూటపూటకు చెంబెడు నీరు పోసెను. ఆకు లింకను వాడెను. వాడు ఇంకను పోసెను. పదిదినములకు గడ్డ మెత్తబడి, వ్రేలితో నొక్కగా కుళ్ళువాసన వచ్చినది. ఆ బాలుడు కన్నీరు పెట్టుకొనెను. వానిని మే మేమియు ననలేదు. పండిన ఆకును చూచి దప్పిక యనుకొనుట సహజము. అయితే నిద్రకు జొచ్చు గడ్డకు నీటిని త్రాగు ఆకులు లేవు. పోసిన నీరంతయు మంటిలోనే నిలిచి దానిని కుళ్ళించును.

గులాబిరంగు కుండీని విసుగు చంపినది. ఏప్రిలులో మేము పరీక్షా విధులకై వేరొక యూరికి పోయిన దినములలో వరండా శుభ్రము చేసినవారు, ఆకు లేని కుండీని చూచి, చచ్చిన మొక్క యని చెత్తకుప్పపై కుమ్మరించిరి. మేము తిరిగి వచ్చి చూచునప్పటికి గడ్డ ఎండలో చీలి యుండెను. దానిని విరిచి చూడగా లోపల ఇంకను కొంత తెల్లదనము, కొంత తడి మిగిలియుండెను. పారవేసిననాడు అది ప్రాణముతోనే యుండెను.

ఎఱ్ఱపూల కుండీ మాత్రము బ్రదికినది. నిద్రకు జొచ్చు కుండీల నెట్లు కాపాడవలెనో మేము తరగతిలో చెప్పినప్పుడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఒకదానిని తన యింటికి కొనిపోవుదునని కోరెను. ఆమె యిల్లు తళి దారిలోని యొక పల్లెలో నున్నది. మందమైన మట్టిగోడల పాతకాలపు టిల్లు. నీటిని ఒక్కమారుగ మానక, వారము వారము తగ్గించుచు, ఆకులన్నియు ఎండి తమంత తాము ఊడిన పిదప, చల్లగను చీకటిగను నుండు మూల కుండీ నుంచవలెనని చెప్పితిమి. గడ్డ ముడుతలు పడకుండ రెండు వారముల కొకమారు కుండీ అంచువెంబడి గుక్కెడు నీరు మాత్రము చిలకరింపుమంటిమి.

జూన్‌లో బడి తెరచిన పిదప మేము ఆ యింటికి పోయితిమి. కుండీ రాగులమూటల ప్రక్కన, గోడ నానుకొని, ఎలుకలు ముట్టకుండ పైన జల్లెడ బోర్లించబడి యుండెను. బాలిక అవ్వ జల్లెడ తీసి చూపెను. పైకి చూడగా ఎండిన మట్టిముద్ద. ఆమె మాత్రము బొటనవ్రేలితో గడ్డను నొక్కి చూచి యిట్లనెను:

"సావలేదు అయ్యోరూ, నిద్దరపోతా వుండాది. పసుపుకొమ్ము ఎండాకాలంలో నిద్దరపోదా? దానికి దినామూ నీళ్లు పోస్తారా ఎవురైనా?"

మేము ఇంతకాలము పుస్తకములలో చదివినది ఆ యవ్వ తన దొడ్డిలోనే నేర్చియున్నది! పసుపు, కంద, అల్లము - ఇవన్నియు ఆకు రాల్చి నేలలో నిద్రించునవే. తమిళనాడు రాష్ట్రపుష్పమైన అగ్నిశిఖయు నట్టిదే. అయితే అవి తొలకరితో మేలుకొనును; ఇది మేలుకొనదు. వానలు ప్రారంభమైనవి గదా, కుండీని వాకిట పెట్టుదునా యని అవ్వ యడిగినది. వలదని చెప్పి, దీని పుట్టింట చలికాలమున వానలు కురియు ననియు, మన జూన్ జూలై వానలలో తడిసినచో కుళ్ళిపోవు ననియు, చలిగాలి తిరుగువరకు పంచలోనే యుంచవలెననియు వివరించితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "అట్లయితే ఇది మన వాన ఎరగదు. దాని వాన యేరే. మనమే దానికి వాన కావల్ల" అనెను.

సెప్టెంబరు నెలాఖరున గడ్డ నడినెత్తిపై గోధుమగింజలంత లేతమొలకలు కనబడినవి. బాలిక కుండీని బడికి తెచ్చెను. తోటమన్ను, చివికిన ఆకులెరువు, ఇసుక సమముగ కలిపి, పాతదానికంటె రెండు వ్రేళ్ళ వెడల్పు మాత్రము పెద్దదగు కుండీలో గడ్డను నాటితిమి. గడ్డను పూర్తిగ పూడ్చరాదు. పై మూడవవంతు మన్నుకు వెలుపల నుండవలెను. మొదట నీరు కొంచెముగ, ఆకులు పెరిగిన కొలది హెచ్చుగ ఇచ్చితిమి. దీపావళి దాటునప్పటికి డజను ఆకులు వచ్చినవి. జనవరిలో సంక్రాంతి సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చిననాడు మొదటి పువ్వు విచ్చినది. మొదటియేడు ఇరువదికి పైగా పూచిన మొక్క ఈ యేడు ఏడు పూలు మాత్రమే పూచినది. అంగడిలో క్రొత్తగా కొన్న కుండీకి ఇది సాటి కాదు. అయినను ఆ యేడు పూలను చూచుటకు ఊరిలోని పెద్దలు సైతము బడికి వచ్చిరి.

అవ్వ పలికిన మాట మమ్ము విడువలేదు. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమునందు. అచ్చట తెలుగు పంతులుకు ఒక సుఖము కలదు. తరగతిలో చెప్పిన మాటను బజారు మరల చెప్పును. బస్సుపై పేరు, అంగడిపై బోర్డు, కచేరీలో కాగితము అన్నియు ఆ పాఠమునకు తోడు నిలుచును. అది భాష తన వానలో తాను పెరుగు చోటు. ఇచ్చట అట్లు కాదు. మన పిల్లవాడు వీధిలో తమిళము, బెంగుళూరు పోయినచో కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు నేర్వవలెను. 2006లో చేసిన చట్టము ననుసరించి తమిళము మన రాష్ట్రమున ఒకటవ తరగతి మొదలుకొని పదవ తరగతివరకు అంచెలంచెలుగ తప్పనిసరి పాఠమైనది. ఇందు చింతింపవలసిన దేమియు లేదు. తమిళము మనకు అన్నము పెట్టు నేల భాష. మన పిల్లలు దానిని చక్కగ నేర్వవలెను, నేర్చుచున్నారు. అన్ని భాషలు నాలుకపై నుండుట మన పిల్లల భాగ్యము. అయితే తెలుగునకు కావలసిన వాన ఇచ్చట ఆకాశమునుండి రాదు. దానిని ఇంటివారును, బడివారును పోయవలసినదే.

పోలికను మితిమీరి లాగరాదు. మన తెలుగు సైక్లమెన్ వలె ఎక్కడినుండియో కుండీలో వచ్చినది కాదు. తరతరములుగ ఈ నేలలో, ఈ రాగిచేలలో, ఈ జాతరలలో పెరిగినది. అయినను కుండీ నేర్పిన మూడు పాఠములు మన యిండ్లకు వర్తించునని మా తలంపు.

ప్రతి యేడు జూన్‌లో తలిదండ్రులు కొందరు మాతో నిట్లందురు: "సార్, మావాడు ఇంగ్లీషు బడికి పోయి రెండేండ్లాయెను. వానికి తెలుగు పోయినది." వారితో మేము చెప్పునది యొకటే. ఆకు రాలినంతమాత్రాన మొక్క పోయినదని తీర్పు చెప్పకుడు. గడ్డను నొక్కి చూడుడు. ఇంటిలో అవ్వ సామెత చెప్పినప్పుడు వాడు నవ్వవలసిన చోట నవ్వినాడా? నవ్వినచో గడ్డ గట్టిగ నున్నదన్నమాట. అట్టివానిని చెత్తకుప్పపై వేయకుడు. వారమునకొక పుట వానిచేత బిగ్గరగ చదివింపుడు. పండుగకు మేనమామకు నాలుగు పంక్తుల జాబు వ్రాయింపుడు. అది అంచువెంబడి చిలకరించు గుక్కెడు నీరు. ఆ కొంచెమే గడ్డను ముడుతలు పడనీయదు.

మరికొందరు తలిదండ్రులు తెలుగుపై ప్రేమచే తొందరపడి, సెలవు దినమున పిల్లవానిని కూర్చుండబెట్టి, శతకమంతయు ఒక్కమారే వల్లింపజూతురు. వాడు తడబడినచో కోపింతురు. వారి ప్రేమ మెచ్చదగినదే. కాని తెల్లపూల కుండీయు ప్రేమచేతనే పోయినదని మరువరాదు. త్రాగు ఆకులు లేనివేళ చెంబెడు నీరు పనికిరాదు. మొదట ఆకు రావలెను. ఆకుతోబాటు నీరు హెచ్చవలెను.

ఇక చివర చెప్పవలసిన సంగతి యొకటి మిగిలియున్నది. సైక్లమెన్ గడ్డ పసుపువలె పిలకలు వేయదు. ఎంత పెద్దదైనను అది ఒక్కటే గడ్డ. వృద్ధి చేయగోరినచో విత్తు విత్తవలసినదే. మొదటియేడు గింజలకై విడిచిన రెండు పూలు కాయలై, వేసవిలో పండి పగిలినవి. ఆ గింజలను బాలిక కాగితపు పొట్లములో దాచి తెచ్చెను. నవంబరు చివర, చలి ప్రారంభమైన పిదప, పదవ తరగతి పిల్లలు వానిని ఒక రాత్రి నీటిలో నానబెట్టి, పళ్ళెములో విత్తి, పలుచగ మన్ను కప్పి, పైన అట్ట మూసి చీకటిలో నుంచిరి. ఈ గింజలు చీకటిలోనే మొలచును. దాదాపు నలుబది దినములు ఏమియు కనబడలేదు. తొందరపడి త్రవ్విచూడరాదని వారికి కట్టడి చేసితిమి. పిమ్మట ఒక్కొక్కటిగ లేచినవి. ఇరువది గింజలలో పదకొండు మొలచినవి. ఒక్కొక్కదానికి నేడు ఒక్కొక్క ఆకు. అడుగున ఆవగింజకంటె కొంచెము పెద్దదగు గడ్డ. తల్లి సంకరజాతి యగుటచే పిల్ల లేరంగు పూయునో చెప్పజాలము.

విత్తు పూయుటకు ఏడాదికి పైగా పట్టును. విత్తిన పదవ తరగతివారు ఏప్రిలులో బడి విడిచి పోవుదురు. వారీ పూలను మన వరండాలో చూడబోరు. నీరు పోయు పని తొమ్మిదవ తరగతివారికి అప్పగింపబడినది. ఈ సంగతి తెలిసియు పదవ తరగతివారు పళ్ళెముపై తమ పేర్లు వ్రాయక, విత్తిన తేదీని మాత్రము వ్రాసిరి.

పెద్దగడ్డవలె ఈ మొలకలను తొలి వేసవిలో నిద్రపుచ్చరాదు. వానికి ఇంకను నిలువ బలము లేదు. చల్లని నీడలో, మన్ను పూర్తిగ ఆరకుండ, నిలువతడి లేకుండ, దినదినమును చూచు చేయి కావలెను. ఏప్రిలు చివరనుండి జూన్ మొదటివరకు బడి మూసియుండును. పెద్దకుండీని తీసికొనుటకు ఆ బాలిక అవ్వ ఈపాటికే ఒప్పుకొన్నది. పదకొండు మొలకలకు మాత్రము నాలుగైదు ఇండ్లు కావలెను. మట్టిగోడల యిల్లు గాని, చల్లని గది గాని కలిగి, సెలవులలో ఊరు విడువని తలిదండ్రులు వార్షిక పరీక్షలకు ముందుగా మాతో చెప్పవలెనని కోరుచున్నాము.